చెప్పింది చెన్నయ్య

మా ఊరి పేరు రాయను. హైదరాబాద్ పక్క ఇబ్రహీంపట్నంలో మంచాల బస్సు ఎక్కితే దారిలో వస్తుంది, అంతవరకు చెప్తాను. పేరు రాశానంటే చాలు, "మా ఊళ్ళో అలాంటిదేమీ జరగలేదు" అని కాగితం పట్టుకుని ఎవడో ఒకడు బయల్దేరతాడు. ఆ కాగితాల సంగతి నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ళుగా నా బతుకంతా కాగితాలే.

మాది భీమవరం వైపు. మన్నెగూడలో ప్లాటు కొందామని వచ్చి, అక్కడి ధరలు విని కళ్ళు తేలేసి, ఇంకాస్త లోపలికి జరిగి ఈ ఊళ్ళో పడ్డాను. బస్టాపు ఎదురుగా జిరాక్స్, నెట్ సెంటరు పెట్టుకున్నాను. పింఛను దరఖాస్తులు, పొలాల పహాణీ నకళ్ళు, హాల్ టికెట్లు, పంచాయతీ వాళ్ళ టైపింగ్, అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఊరివాళ్ళకు నేను ఇప్పటికీ ఆంధ్ర సారునే. మా ఆవిడ అరుణకుమారికి ఆ పిలుపు నచ్చదు. నాకైతే అలవాటైపోయింది.

ఈ కథ మాత్రం నాది కాదు, చెన్నయ్యది.

చెన్నయ్య మా ఊళ్ళో చాటింపు వేసే మనిషి. అరవై దాటాయి. పింఛన్లు ఎప్పుడిస్తారు, నల్లా ఎన్ని రోజులు రాదు, గొర్రెలకు మందు ఎక్కడ పోస్తారు, ఏ కబురైనా పంచాయతీ నుంచి ఊళ్ళోకి రావాలంటే చెన్నయ్య డప్పు మీదుగానే రావాలి. చదువు రాదు. సెక్రటరీ కాగితం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, అక్షరం పొల్లుపోకుండా మూడు కూడళ్ళలో నిలబడి చెప్పేస్తాడు. ముందు డప్పు, తర్వాత "ఇనుండ్రి! ఇనుండ్రి!" అనే కేక, ఆ తర్వాత కబురు. అంతా అయ్యాక ఒక మాట తగిలిస్తాడు: "చెప్పింది చెన్నయ్య!"

ఆ చివరి మాట ఏ కాగితంలోనూ ఉండదు. ఎందుకలా అంటావని ఓసారి అడిగాను.

"మా బాపు నేర్పిండు సారూ. మాట చెప్పి పేరు చెప్పకుంటే గది చాడీ అయితదన్నడు. రేపు మాట తప్పు పోతే జనం ఎవన్ని వట్టుకోవాలె మరి? నన్ను వట్టుకోవాలె."

అదే డప్పు చావులకూ మోగుతుంది. దెబ్బ మాత్రం వేరు. చాటింపు దెబ్బ గబగబా పడుతుంది, వినగానే జనం చేతిలో పని వదిలి గుమ్మంలోకి వస్తారు. చావు దెబ్బ నింపాదిగా రెండు పడి, ఆగి, మళ్ళీ రెండు పడుతుంది. అది వింటే ఎవరు పోయారని అడుగుతూ వస్తారు. ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. బయటినుంచి వచ్చిన నాకే ఏడాది తిరక్కుండా తెలిసిపోయింది.

అతని భార్య సుక్కమ్మ పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి కూలికి పోయేది. గట్టి నోరు. మొగుడు చాటింపుకు బయల్దేరితే తనూ వాకిట్లోకొచ్చి చెవి ఒగ్గి వినేది. అతను తిరిగొచ్చాక "ఇయ్యాల గొంతు లెవ్వలే, సద్ది తినకుంట పోతివి గదా" అని దులిపేసేది. ఇంట్లో అతను చెప్పింది ఒక్కటీ వినేది కాదు. డప్పు మీద చెప్పింది మాత్రం జవదాటేది కాదు. నీళ్ళు పట్టుకోమంటే ముందుగా బిందెలు పెట్టేది సుక్కమ్మే, పేర్లు రాయించుకోమంటే అందరికన్నా ముందు నా కొట్టు ముందు నిలబడేదీ సుక్కమ్మే. ఇదేం విడ్డూరమే అని మా ఆవిడ నవ్వితే ఆమె చేతులు తిప్పుతూ అంది: "ఇంట్ల చెప్పేది నా మొగడు చెప్పేది అక్కా, గదెవలు ఇంటరు? డప్పు మీద చెప్పేది చెన్నయ్య చెప్పేది."

ఆ మాటకు ఆ రోజు ముగ్గురం నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండువేల ఇరవై మార్చిలో మొదలైంది ఆ చాటింపుల గోల. ముందు సాయంత్రం అయిదింటికి అందరూ చప్పట్లు కొట్టాలన్నారు, పళ్ళాలు కొట్టాలన్నారు. చెన్నయ్య ఎంత ఉత్సాహంగా చెప్పాడో! "నేను డప్పు కొడ్త, మీరు తలెలు కొట్టుండ్రి!" అని తను కలిపి మరీ చెప్పాడు. ఊరంతా కొట్టాం. నేనూ కొట్టాను, స్టీలు పళ్ళెం సొట్టపడేదాకా. దేనికి కొట్టామో నాకిప్పటికీ తెలియదు.

ఇక ఆ తర్వాత రోజుకో మాట. ఇల్లు కదలొద్దు. కూరగాయలకు కదలొచ్చు. కదలొచ్చు గాని ఇంటికొక్కరే. దీపాలు ఆర్పాలి. బడి బంద్, గుడి బంద్, సంత బంద్. వైన్ షాపు తెరిచిన రోజున మాత్రం చాటింపు అవసరమే రాలేదు, ఆ కబురు దానంతటదే ఊరు చుట్టేసింది. పొద్దున చెప్పినదాన్ని సాయంత్రం కాదని చెప్పడానికి చెన్నయ్య మళ్ళీ డప్పు కాపుకునేవాడు. గడ్డిమంట ముందు డప్పు ఆనించి కూర్చుంటే కుర్రకారు ఆటపట్టించేవాళ్ళు.

"ఏం తాతా, గిప్పుడు సర్కారు ఏమంటుందే? ముక్కుతోని గాలి వీల్చుకోవచ్చా, పర్మిషన్ దీసుకోవాల్నా?"

"నీకు రేపు చెప్తరు బిడ్డా, ఆగు జర," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. కాని ప్రతిసారీ చివర తన పేరు చెప్పేవాడు. మాట మారిన ప్రతిసారీ ఆ పేరు కాస్త చులకనైపోతోందని అతనికి తెలుస్తూనే ఉంది.

ఆ మరుసటి ఏడు టీకాలొచ్చాయి. అబ్బో, ఆ భాగోతం! ఫోనులో పేరు ఎక్కించుకోవాలట, స్లాటు బుక్ చేసుకోవాలట, ఓటీపీ రావాలట. డబ్బా ఫోను పట్టుకున్న గొర్రెల కాపరికి ఓటీపీ! జనం నా కొట్టు ముందు క్యూ కట్టారు. స్లాటు ఇలా తెరుచుకుంటుంది, ఇలా నొక్కుతాను, అప్పటికే అయిపోయిందంటుంది. ఎవడు బుక్ చేసుకున్నాడయ్యా అంటే, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చినవాళ్ళు మా ఊరి టీకా సెంటర్లో సూదులు వేయించుకుని పోయేవాళ్ళు. మా ఊరివాళ్ళు గేటు దగ్గర నిలబడి ఆ కార్లు చూసేవాళ్ళు. నాకు తిక్కరేగి కీబోర్డు బల్లకేసి కొట్టాను ఒకరోజు. రెండు మీటలు ఊడొచ్చాయి.

ఏప్రిల్లో స్లాటు అక్కర్లేదు, బడి దగ్గరికి రండి, అందరికీ టీకా అని చాటించారు. చెన్నయ్య ఊరంతా తిరిగి చెప్పాడు. మర్నాడు రెండొందల మంది ఎండలో నిలబడ్డారు. వచ్చిన సీసాలు నలభై మందికి సరిపోయాయి. మిగతా జనం ఆ పంపినవాళ్ళను ఏం చేయగలరు? దొరికినవాణ్ణి పట్టుకున్నారు.

"చెప్పింది చెన్నయ్య అంటివి గదా? ఏదీ సూది? తియ్యి నీ డప్పులకెల్లి!" అని సుగుణమ్మ మీదికి పోయింది. ముసలావిడ, ఊపిరి జబ్బు మనిషి, తెల్లవారకముందు నుంచీ నిలబడింది. ఆమె తిట్టడంలో తప్పేముంది? చెన్నయ్య తలొంచుకుని అన్నీ పడ్డాడు. తర్వాత తిన్నగా పంచాయతీ సెక్రటరీ మౌనిక దగ్గరికి వెళ్ళాడు.

"బిడ్డా, ఎంతమందికి ఉన్నయో గంతమందికే చెప్పిపియ్యి. నలభై అంటే నలభై అని చెప్త. నా మాట అబద్ధం జెయ్యకు."

మౌనికకు పాతికేళ్ళు ఉంటాయి. మంచాల నుంచి స్కూటీ మీద వచ్చిపోయేది. చెడ్డపిల్లేం కాదు. "తాతా, నాకు పైనుంచి మెసేజ్ వస్తది, నేను నీకు సదివి ఇనిపిస్త. ఎన్నొస్తయో నాకు గూడ తెల్వది," అంది. పైన ఎవరు? ఆ పైన ఎవరు? ఆ ఏడాది కాలంలో ఆ పైవాడి మొహం మాకెవ్వరికీ కనబడలేదు. మెసేజీలు మాత్రం టంచనుగా వచ్చేవి.

మే నెల మొదటి సోమవారం నాటి చాటింపు నాకు అక్షరాలా గుర్తుంది.

"ఇనుండ్రి! ఇనుండ్రి! జరమొచ్చినోళ్ళు పరేషాన్ గావద్దు. పరీక్షలు, మందులు అన్ని మన సర్కారు దవాఖానల్నే ఉన్నయి. ప్రైవేటుకు పోయి ఆగం గావద్దు. ఎవలు ఊరు దాటొద్దు. చెప్పింది చెన్నయ్య!"

ఆ సాయంత్రమే సుక్కమ్మకు జ్వరమొచ్చింది.

మంగళవారం పొద్దున్నే వెళ్ళి దవాఖాన ముందు వరసలో నిలబడింది. ఆమెది అరవై ఒకటో నంబరు. యాభై కాగానే పరీక్ష కిట్లు అయిపోయాయని తలుపు వేసేశారు. బుధవారం ఇంకా పొద్దున్నే వెళ్ళింది. ఆ రోజు కిట్లే రాలేదు. జ్వరం బిళ్ళలు పొట్లం కట్టిచ్చి రేపు రమ్మన్నారు. ఇంటికొచ్చేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

కొడుకు ఐలేష్ మీర్‌పేట్‌లో ఆటో తోలుతాడు. కబురు తెలిసి ఆ సాయంత్రానికి ఆటో తీసుకుని వచ్చేశాడు. పడక ఎక్కడుందో కంప్యూటర్లో చూడమని నన్ను అడిగాడు. చూసి, ఒక ఆస్పత్రిలో ఖాళీలు ఉన్నాయని తెలిసి, ఆ మాట చెప్దామని వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. సుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆటో ఎక్కనంటోంది.

"అమ్మా, లెవ్వే. పట్నం పోదాం," అని ఐలేష్ బతిమాలుతున్నాడు.

"నేను రాను," అంది. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటోంది. మొగుడి వైపు తిరిగింది. "మొన్ననే గదయ్యా చెప్పినవ్, అన్ని ఈన్నే ఉన్నయి, ఎవలు ఊరు దాటొద్దని. ఊరందరికి ఒకటి చెప్పి, నీ పెండ్లాన్ని ఇంకో తాన తీస్కపోతవా? సుగుణమ్మ సూత్తే ఏమంటది? నీ మాటకు ఇజ్జత్ ఉంటదా మల్ల?"

ఇంత ఆయాసంలో ఈవిడకు మొగుడి మాట పరువు ముఖ్యమైందా!

"చెన్నయ్యా, ఆవిడ మాట వినకు. ఎక్కించు ఆటో," అన్నాను కసురుతున్నట్టుగా.

చెన్నయ్య ఆమెను చూశాడు, ఐలేష్‌ను చూశాడు. "ఒక్క రోజు సూద్దాం సారూ. రేపు కిట్లు పక్కా వస్తయంట," అన్నాడు.

కిట్లు గురువారం రాలేదు. శుక్రవారం పొద్దున సుక్కమ్మ పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు ఎవరూ ఎవరినీ అడగలేదు. చేతుల మీద ఎత్తి ఆటోలో వేశారు. నేను కొట్టులో కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నాను. తెర మీద పచ్చటి డబ్బాలో "ఖాళీ పడకలు: 14" అని ఉంది. ఫోను ఎత్తినవాడు ఒక్కటీ లేదన్నాడు. ఇంకోచోట తొమ్మిది ఉన్నాయి. అక్కడ ఫోనే ఎత్తలేదు. ఇంకోచోట ఎత్తి, పరీక్ష కాగితం ఉందా అని అడిగారు. కాగితం లేకపోతే కరోనా వార్డులోకి తీసుకోరట, ఆయాసం ఉంది కాబట్టి మామూలు వార్డులోకీ తీసుకోరట. మరి మనిషి ఎక్కడికి పోవాలిరా అని అరిచాను. ఫోను పెట్టేశాడు.

మన్నెగూడ రాకముందే ఆటోలో ప్రాణం పోయింది. సాగర్ రోడ్డు పక్కన ఆపి ఐలేష్ నాకు ఫోను చేశాడు. "ఎటు దిప్పాలె సారూ ఆటో?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. వెనక్కి తిప్పు నాయనా అన్నాను.

నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరు పోయినా ముందు నడిచి డప్పు కొట్టిన మనిషి చెన్నయ్య. ఆ మధ్యాహ్నం గడ్డి అంటించి డప్పు కాపుకుంటుంటే మౌనిక వచ్చింది. రెండు మాస్కులు కట్టుకుని దూరంగా, స్కూటీ దిగకుండా నిలబడింది.

"తాతా, డప్పు వద్దు. కరోనా సావుకు డప్పు కొడితే జనం గుమిగూడతరు. పర్మిషన్ లేదు. ఐదుగురే పోవాలె."

చెన్నయ్య కాలితో మట్టి తోసి ఆ మంట ఆర్పేశాడు. అయిదుగురం వెళ్ళాం. దారి పొడుగునా తలుపులు వేసి ఉన్నాయి. ఎవరు పోయారో అడగడానికి కూడా ఎవరూ బయటికి రాలేదు. గుంత పూడ్చాక చెన్నయ్య చేతులు దులుపుకుంటూ నాతో అన్నాడు.

"బుధారం నాడు నాకు లోపల కుశీ అయింది సారూ. ఊరంత నన్ను తిడుతున్నా నా పెండ్లాం నా మాట నమ్మిందని కుశీ అయింది. గందుకే ఒక్క రోజు సూద్దామన్న. గా కుశీకి వాయె మనిషి."

ఏం ఓదార్చమంటారు? అది కాదులే అని ఎలా అనను? అది నిజమే మరి. కాని ఆ నిజంలో అతని వాటా ఎంత? ఆ సోమవారం నాటి మాటలు అతని నోట్లో పెట్టినవాళ్ళ వాటా ఎంత? వాళ్ళెవరికీ ఆ రాత్రి నిద్ర పట్టకుండా పోలేదు, అది మాత్రం నాకు రూఢిగా తెలుసు.

నెలాఖరున మౌనిక ఒక పట్టిక తెచ్చింది. మే నెలలో మా ఊళ్ళో పోయినవాళ్ళు పదకొండు మంది. సుగుణమ్మ ఉంది అందులో. పక్క వీధి శ్రీపాల్ తండ్రి ఉన్నాడు. సుక్కమ్మ ఉంది. మామూలుగా మా ఊళ్ళో ఏడాది మొత్తం మీద కూడా అంతమంది పోరు. పేరు, వయసు, ఇంటి నంబరు, పక్కన కారణం. ఆ వరసలో చేతిరాతతో గుండె ఆగుట, గుండె ఆగుట, వయోభారం, ఆయాసం, గుండె ఆగుట అని ఉంది. అడుగున ఒక గడి: "కరోనా మరణాలు", పక్కన సున్నా.

"ఏమ్మా, పదకొండు గుండెలూ కూడబలుక్కుని ఒకే నెలలో ఆగాయా? గుండె ఆగకుండా చచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా లోకంలో?"

"పరీక్ష కాగితం ఉంటెనే కరోనా అని రాయాలె సార్."

"కిట్లు ఇస్తే కదమ్మా పరీక్ష చేసేది!"

"నాకు తెల్వదా సార్? మా అమ్మమ్మ గూడ గట్లనే పోయింది. కాగితం లేంది రాస్తే నా నౌకరి పోతది." మాస్కు పైన ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. తిట్టుకుంటూనే టైపు చేశాను. సున్నా కొట్టాను. మూడు కాపీలు ప్రింటు తీసిచ్చాను.

తర్వాత ఏడు నెలలు చెన్నయ్య చాటింపులు వేస్తూనే ఉన్నాడు. కాని కబురు చెప్పి ఊరుకునేవాడు. చివర తన పేరు చెప్పడం మానేశాడు. మొదట్లో జనం ఇంకా ఏదో ఉందని ఓ క్షణం నిలబడేవాళ్ళు. తర్వాత తర్వాత చాటింపుకు గుమ్మంలోకి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు.

డిసెంబరులో ఒక పూట అతను నా కొట్టు బయట బల్ల మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే మౌనిక హడావుడిగా వచ్చింది. ఊళ్ళో అందరికీ రెండు టీకాలూ పూర్తయ్యాయట. అందరికీ అంటే బతికున్నవాళ్ళందరికీ అని అర్థం చేసుకోవాలి. మర్నాడు పెద్ద అధికారులొచ్చి ఊరికి ప్రశంసాపత్రం ఇస్తారట. ఆ పత్రంలో వేయాల్సిన వాక్యం నేను టైపు చేయాలి, చెన్నయ్య ఊళ్ళో చాటాలి. ఆమె చదివింది:

"మన గ్రామంలో అందరికీ టీకాలు పూర్తయినవి. కరోనా వల్ల మన గ్రామంలో ఒక్కరు కూడా చనిపోలేదు. రేపు ఉదయం పది గంటలకు పంచాయతీ దగ్గర సభ. అందరూ రావాలి."

చెన్నయ్య బీడీ కింద పడేశాడు.

"ఒక్కరు గూడ సావలేదా బిడ్డా?"

"లెక్కల గట్లనే ఉంది తాతా."

"మరి ఆ దినం నా డప్పు ఎందుకు ఆపినవ్?"

మౌనిక చేతిలోని కాగితం మడతపెట్టింది.

"కరోనా గాకపోతే నా పెండ్లానికి డప్పు ఎందుకు కొట్టనియ్యలే? కరోనా అయితే కాగితంల ఎందుకు రాయలే? రెండిట్ల ఏదో ఒక్కటి చెప్పు. గంతే అడుగుతున్న."

అతను గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. మౌనిక నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. సమాధానం చెప్పాల్సినవాళ్ళు మర్నాడు పది గంటలకు దండలు వేయించుకోవడానికి వస్తున్నారు.

"నువ్వు చెప్పకుంటే నాకు మెమో ఇస్తరు తాతా," అంది చివరికి, చిన్నగా.

చెన్నయ్య లేచాడు. "నువ్వు ఏడ్వకు. చెప్త. ఇంకోసారి సదువు."

నాకు తెలిసి ఒక కబురును రెండోసారి చదివించుకోవడం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని విన్నాడు. వెళ్ళి గడ్డి అంటించి డప్పు కాపుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు మా ఆవిడ టీ ఇస్తోంది. డప్పు మోగింది. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. రెండు దెబ్బలు పడి, ఆగి, మళ్ళీ రెండు.

"ఎవరండీ పోయింది?" అంది.

చెప్పులేసుకుని పరుగెత్తాను. ఎవరింట్లో అని అడుగుతూ సందుల్లోంచి జనం వస్తున్నారు. చెన్నయ్య ఏ కూడలిలోనూ లేడు. శ్రీపాల్ ఇంటి ముందు నిలబడి కొడుతున్నాడు.

"ఏందే చెన్నయ్యా, ఎవలు సచ్చిన్రే?" అంటూ శ్రీపాల్ గాభరాగా బయటికొచ్చాడు.

చెన్నయ్య దెబ్బ ఆపాడు. "ఇనుండ్రి! ఇనుండ్రి! మన గ్రామంల అందరికి టీకాలు పూర్తయినయి. కరోనా వల్ల మన గ్రామంల ఒక్కరు గూడ చనిపోలేదు. రేపు పొద్దుగాల పది గంటలకు పంచాయతీకాడ సభ. అందరు రావాలె. చెప్పింది సర్కారు!"

మళ్ళీ రెండు దెబ్బలు వేసి ముందుకు నడిచాడు. శ్రీపాల్ గడప పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తండ్రి పోయిన ఏడు నెలలకు ఆ ఇంటి ముందు డప్పు మోగింది మరి.

తర్వాత సుగుణమ్మ ఇల్లు. కూతురు మంజుల పరుగున వచ్చి, మొత్తం విని, కొంగు నోట్లో కుక్కుకుంది. చెన్నయ్య దాటిపోయాక లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిట్లో చల్లింది, శవం వెళ్ళాక చల్లుకున్నట్టే. ఆ పై ఇంట్లోనూ చల్లారు. అలా వరసగా పోయినవాళ్ళ ఇళ్ళ ముందే ఆగుతూ, అవే మాటలు చెప్తూ, ఆ దెబ్బే కొడుతూ తిరిగాడు. జనం ఒక్కొక్కరే అతని వెనక నడవడం మొదలుపెట్టారు. మేలో పోయినవాళ్ళ వెనక ఎవరూ నడవలేదు కదా, ఇప్పుడు నడిచారు.

ఏడో ఇంటి దగ్గర మౌనిక స్కూటీ అడ్డం పెట్టింది. "తాతా, ఏంది గిది? గీ దెబ్బ ఎందుకు కొడుతున్నవ్?"

"కాగితంల ఉన్నదే చెప్తున్న గదా బిడ్డా. మాట తప్పు పోయిందా? ఏ దెబ్బ కొట్టాల్నో కాగితంల రాయలే గదా."

ఆ పిల్ల స్కూటీ పక్కకు తీసింది. కాసేపటికి చూస్తే ఆమె కూడా జనంలో నడుస్తోంది.

పదకొండోది అతని సొంత ఇల్లు. తలుపుకు తాళం వేసి ఉంది. సుక్కమ్మ చెవి ఒగ్గి నిలబడే చోట గడ్డి మొలిచింది. చెన్నయ్య ఆ తాళం వైపు తిరిగి రెండు దెబ్బలు వేశాడు, ఆగాడు, మళ్ళీ రెండు వేశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"ఇనుండ్రి! ఇనుండ్రి! సుక్కమ్మ కరోనాతోని సచ్చింది. పరీక్ష జెయ్యలే, పడక దొరకలే, డప్పు కొట్టనియ్యలే. దవాఖానల అన్ని ఉన్నయని మీకు అబద్ధం చెప్పింది నేను. ఆమెకు చెప్పింది గూడ నేనే. మాట తప్పు పోయింది, నన్ను వట్టుకోండ్రి. చెప్పింది చెన్నయ్య!"

మా ఆవిడ గట్టిగా ఏడ్చేసింది. చెన్నయ్య డప్పు మెడలోంచి తీసి, తలుపు పక్క గోడకు ఆనించి కూలబడ్డాడు.

మర్నాడు సభ జరిగింది. అధికారులు ముందు వరస కుర్చీల్లో కూర్చుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఊళ్ళోవాళ్ళు పదిమంది కూడా రాలేదు, అయినా ఫోటో బాగానే వచ్చిందట. ఆ పత్రానికి ఫ్రేము కట్టించి పంచాయతీ గోడకు తగిలించారు. ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. కింద మూడు సంతకాలున్నాయి, ఏ ఒక్కటీ చదవడానికి రాదు. ఇప్పుడు ఊళ్ళో కబుర్లు ఆటోలో మైకు పెట్టి చెప్తున్నారు. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇన్నాళ్ళూ నేనూ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. సెక్రటరీ ఇచ్చింది టైపు చేశాను, నాదేం పోయింది అనుకున్నాను. ప్రతివాడూ అదే అనుకున్నాడు కాబట్టే పదకొండు మంది సున్నా అయిపోయారు. మాట కింద పేరుండాలని చదువురాని చెన్నయ్యకు తెలిసింది. అందుకే ఇంతా రాసి నా పేరు దాచుకోలేను.

ఆ సున్నా కొట్టింది జోగారావు.